బయట పదిహేనేళ్లు తిరిగి రా నాయనా

పీహెచ్‌డీ చేసినవాళ్లు యూనివర్సిటీ గేటు పట్టుకుని వేలాడకుండా బయట దారులు చూసుకోవాలని పెద్దలు ఈమధ్య గట్టిగా సెలవిస్తున్నారు. సెమినార్లు పెట్టి, శాలువాలు కప్పించుకుని మరీ చెబుతున్నారు. చెప్పేవాళ్లంతా లోపల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే కాబట్టి, బయట ఎంత బాగుంటుందో వాళ్లకే బాగా తెలుసు.

నేను బయటికొచ్చి మూడేళ్లయింది. అనుభవం మీద నాలుగు మాటలు చెప్పే అర్హత నాకూ ఉంది.

నాది చరిత్ర. కడప జిల్లా కైఫీయత్తుల మీద పనిచేశాను. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికి ముట్టింది అని రెండొందల ఏళ్ల కిందట మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి రాయించిన దస్త్రాలవి. యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ లెక్కన పీహెచ్‌డీ ఆరేళ్లలో ముగించాలి. నాకు ఏడున్నర పట్టింది. పొడిగింపు కోసం పెట్టిన అర్జీలే ఒక అధ్యాయమంత అయ్యాయి. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వచ్చినవాడికి ఇప్పుడు నెలకు 37,000 ఇస్తారు. రానివాడికి ఇంట్లోవాళ్లు సంగటి పెడతారు. నాది రెండో స్కీము.

ఏడున్నరలో చదవడానికీ రాయడానికీ పట్టింది మూడేళ్లే. మిగతాదంతా సంతకాలకు పోయింది. గైడు సంతకం పెట్టిన రోజు హెచ్‌ఓడీ సెలవు. ఆయన వచ్చేసరికి డీన్ మారాడు. కొత్త డీన్ కుర్చీలో కూర్చునేసరికి ఫారమే మారింది. నో డ్యూస్ కోసం పోతే, నేను ఒక్క రాత్రి కూడా పడుకోని హాస్టల్ నుంచి బాకీ లేదని రాయించుకు రమ్మన్నారు. అక్కడికి పోతే, హాస్టల్లో ఉన్నవాళ్లకే రాసిస్తామన్నారు. ఆ ముక్కే కాగితం మీద పెట్టమన్నాను. దానికి హాస్టల్లో ఉండాలట.

అప్పుడు ఒళ్లు మండింది గానీ, అసలు శిక్షణ అదేనని ఇప్పుడు తెలుస్తోంది. ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతుందో, ఏ గుమాస్తా టీ తాగి వచ్చాక మెత్తబడతాడో కనిపెట్టే విద్య ఏ థీసిస్‌లోనూ రాయరు. ఆ విద్య పెట్టుబడిగా కలెక్టరాఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ఒక బల్ల వేసుకున్నాను. సోమవారం గ్రీవెన్సుకు వచ్చే జనానికి అర్జీలు రాయడం. బోర్డు మీద డాక్టర్ అని రాయించలేదు. జ్వరం మాత్రలు అడుగుతారని కాదు, అంత చదివినాయన ఇక్కడెందుకు కూర్చున్నాడని రేటు తగ్గిస్తారని.

మొదటి అర్జీ కమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనది. ఆయన పొలం 22ఏ అనే రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో పడింది, అమ్మడానికి లేదు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ ఊరి కైఫీయత్తు నాకు నోటికొచ్చు! ఉపోద్ఘాతం, మాన్యాల పూర్వచరిత్ర, ఇంతకుముందు పెట్టుకున్న అర్జీల సమీక్ష, అధస్సూచికలతో సహా పదకొండు పేజీలు రాశాను. ముసలాయన కాగితాల కట్టను చేత్తో తూకమేసి చూసినాడు.

“నా పేరు యాడుంది నాయనా?”

“తొమ్మిదో పేజీలో ఉంది పెద్దాయనా.”

“పొలం నాది, పేరు తియ్యండి అని ఒక్క మాట రాయప్పా. ఆ రాజులు ఇప్పుడొచ్చి సంతకం పెడతారా?”

పక్క బల్ల మీద ఒకాయన ఉంటాడు. టెన్త్ చదివి, 22 ఏళ్లుగా అదే చెట్టు కింద రాస్తున్నాడు. ఆ సంగతంతా అర పేజీలో తేల్చేసి, కింద సర్వే నంబరు పెట్టి, వంద తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనే నా రెండో గైడు. మొదటి గైడు కంటే ఒక విషయంలో మేలు: నేను రాసింది చదువుతాడు.

ఇంత తగ్గించుకున్నా లోపలి మీద ఆశ చావదు కదా. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామని 2018లో అన్నారు. వాయిదాలు వేస్తూ వచ్చి, సరిగ్గా నా పట్టా చేతికొచ్చాక, 2023 జులైలో, నెట్ అనే అర్హత పరీక్ష పాసైతే చాలన్నారు. అంతకు ముందు ఏడాదే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే కుర్చీ పుట్టింది. బయట ఏదైనా రంగంలో 15 ఏళ్లు పనిచేసి పేరు తెచ్చుకుంటే పీహెచ్‌డీ లేకున్నా నేరుగా ప్రొఫెసరే. అంటే లోపల చదివినవాళ్లు బయటికి, బయట ఉన్నవాళ్లు లోపలికి. ఆర్టీసీ బస్సులో వెనక తలుపు ఎక్కడానికి, ముందు తలుపు దిగడానికి పెట్టినట్టు చక్కటి ఏర్పాటు.

ఈ దారి కొత్తదేమీ కాదు, మన కడపలో వేసిందే. బ్రౌన్ దొర 1820లో కంపెనీ ఉద్యోగిగా ఇక్కడికొచ్చాడు. పగలు కొలువు. మిగతా వేళల్లో పండితులను బంగళాలో పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి, చాలక అప్పులు చేసి తాళపత్రాలు సరిచూపించాడు. (స్కాలర్‌కు జీతమివ్వడం కోసం అప్పు చేసిన మనిషి! ఇక్కడ మా బ్యాచ్ వాళ్లు కళ్లు తుడుచుకుంటారు.) 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు. ఉద్యోగం విరమించి ఇంగ్లండుకు పోయాకే లండన్‌లో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అంటే అదీ.

నాకిప్పుడు 38. బయట ఇంకో పన్నెండేళ్లు రాస్తే 50కి అర్హత వస్తుంది. ఆ కుర్చీలో మూడేళ్లు కొలువు, మహా అయితే ఇంకో ఏడాది పొడిగింపు. పొడిగింపు అర్జీలు రాయడం నాకు బాగా వచ్చు.

ఈ లెక్క పక్క బల్లాయనకు చెప్పి పొరపాటు చేశాను. కాసేపు కలం చెవి వెనక పెట్టుకుని ఆలోచించాడు.

“15 ఏళ్లు చాలంటివే సార్? నాకు 22 అయిపాయ గదా!”

ఎవరికి వాళ్లే పేరు ప్రతిపాదించుకోవచ్చని కూడా అప్పటికే నోరు జారాను. ఆయన అర్జీ ఆయన రాసుకుంటే బాగుండదని నన్నే రాయమన్నాడు. అర పేజీ దాటకూడదని షరతు. నిన్నటికి ఐదో చిత్తు ప్రతి కొట్టేసి ఇచ్చాడు. ఉపోద్ఘాతం తీసేయాలట.