విమానం ఎక్కించే ముందే వినాలి

నేరం చేసి జైలుకెళ్లిన విదేశీయుడిని అతని దేశానికి పంపేసే అధికారం ప్రతి ప్రభుత్వానికీ ఉంది. హత్య, అత్యాచారం వంటి కేసుల్లో దోషిగా తేలినవాడు మళ్లీ బాధితుల వీధిలోనే తిరగాలని ఎవరూ కోరుకోరు, మేమూ కోరడం లేదు. మా అభ్యంతరమల్లా మనిషెవరో చూడకుండా శిక్షాకాలంలోని నెలలు లెక్కపెట్టి పంపించే చట్టాలపైనే.

బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా విదేశీ ఖైదీలను, దేశం నుంచి పంపాలా వద్దా అని పరిశీలించకుండానే వదిలేశారని 2006లో బయటపడింది. హోంమంత్రి చార్లెస్ క్లార్క్ పదవి పోయింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టం, కొన్ని మినహాయింపులతో, 12 నెలలు ఆపైన శిక్ష పడితే బహిష్కరణ తప్పనిసరి చేసింది. అమెరికాలో 1996 చట్టం ప్రకారం ఏడాది శిక్ష పడిన దొంగతనం కూడా బహిష్కరణకు దారితీసే తీవ్ర నేరం కిందికే వస్తుంది. జైలుకు పంపకుండా శిక్షను నిలిపివేసినా అంతే.

ఈ చట్టాల కింద ఎక్కువగా నలిగేది పసితనంలో తల్లిదండ్రులతో వచ్చి, అక్కడే చదివి, అక్కడే సంసారం పెట్టుకుని, పౌరసత్వం మాత్రం తీసుకోనివారు. స్వదేశం అనే చోట వారికి తెలిసిన మనిషి ఉండడు, ఒక్కోసారి భాష కూడా రాదు. వారు చెడింది పెరిగిన దేశంలో, మోయాల్సింది పుట్టిన దేశం. ఆస్ట్రేలియా తన దగ్గర పెరిగి నేరం చేసినవారిని న్యూజిలాండ్‌కు పంపేస్తుంటే, న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2020లో సిడ్నీలో, ఆస్ట్రేలియా ప్రధాని పక్కనుండగానే, మీ మనుషుల్నీ మీ సమస్యల్నీ మా మీదికి పంపొద్దని అన్నది ఇందుకే.

పంపేస్తే పీడ వదులుతుందన్న నమ్మకమూ నిలిచేది కాదు. ఎంఎస్-13 ముఠా పుట్టింది లాస్ ఏంజెలిస్‌లో, అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఎల్ సాల్వడార్ కుటుంబాల కుర్రాళ్ల మధ్య. 1990లలో అమెరికా వారిని వరసపెట్టి వెనక్కి పంపింది. యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న ఆ చిన్న దేశానికి వారిని అదుపు చేసే శక్తి లేకపోయింది. కొన్నేళ్లకు ముఠాల హింస తట్టుకోలేక జనం అమెరికా సరిహద్దుకే పరుగెత్తారు.

బాల్యంలో అధికభాగం చట్టబద్ధంగా ఒక దేశంలో గడిపినవారిని పంపాలంటే చాలా గట్టి కారణాలు చూపాలని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2008లో చెప్పింది. మాకు సరైన కొలత ఇదే అనిపిస్తోంది. ప్రజలు ఒప్పుకోరని నాయకులు అంటారు. విదేశీ నేరస్తులను పంపేయాలని 2010లో ఓటేసిన స్విట్జర్లాండ్ ప్రజలే, న్యాయమూర్తి విచక్షణకు చోటులేకుండా చేసే ప్రతిపాదనను 2016లో దాదాపు 59 శాతం ఓట్లతో తిరస్కరించారు.

అప్పీలు విమానం ఎక్కకముందే వినాలి. ముందు పంపేసి, అప్పీలు అక్కడి నుంచి చేసుకోమన్న బ్రిటన్ పద్ధతిని ఆ దేశ సుప్రీంకోర్టే 2017లో తప్పుపట్టింది. పరాయి దేశంలో కూర్చుని లాయర్‌ను పెట్టుకోవడం, సాక్ష్యం చెప్పుకోవడం అయ్యే పని కాదు. చిన్నప్పుడు వచ్చినవారి విషయంలో ఆటోమేటిక్ బహిష్కరణను తీసేసి, లాయర్ తోడుగా జడ్జి ఎదుట చెప్పుకునే హక్కును ప్రతి దేశమూ చట్టంలోనే రాయాలి.