గంటం నుంచి గంటం దాకా

కాశీకి పోతే ఇష్టమైనదేదో ఒకటి వదిలి రావాలంటారు. అంత దూరం పోయే తీరిక లేక నేను తిరుపతిలోనే కాగితాన్ని వదిలేశాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు కొండ మీద జుట్టు ఇచ్చి పోతుంటే, ఊళ్ళోవాణ్ణి ఆపాటి త్యాగం చేయకపోతే బాగుండదు. నలభై వేల పైచిలుకు పోసి చేతిరాత ట్యాబ్లెట్ తెప్పించాను.

"దీని గొప్పేంది సార్?" అన్నాడు పక్కింటాయన.

"అచ్చం కాగితం మీద రాసినట్టే ఉంటుంది."

ఆయన కాసేపు ఆలోచించి, "మా పాప లాంగ్ నోట్‌బుక్కు కూడా అట్లే ఉంటుంది సార్" అన్నాడు. సాంకేతిక విషయాలు అందరికీ ఎక్కవు.

నిజానికి దీని పనితనం సామాన్యం కాదు. తెర లోపల కంటికి ఆనని బుడగలు, వాటిలో నలుపు, తెలుపు రేణువులు. విద్యుత్తు తగలగానే నల్లవి పైకి తేలితే అదే అక్షరం. తేలినవి అలాగే ఉండిపోతాయి, పట్టి ఉంచడానికి మళ్ళీ కరెంటు అక్కర్లేదు. ఒక్కోసారి చెరిపేసినా పాత రాత నీడలా మిగిలిపోతుంది. బావమరిదికి తీర్చేసిన చేబదులు పద్దు అలా లీలగా కనబడుతుంటే నాకు ఒకటే టెన్షన్. రాసేటప్పుడు కాగితంలా గరగరలాడాలని తెరకు గరుకుతనం కూడా పెట్టారు. ఆ గరుకుకు పెన్ను ములికి అరుగుతుంది. అరిగితే కొత్తది కొనాలి. సిరా లేని పెన్నుకు రీఫిల్ ఖర్చు పెట్టించిన మేధావికి చేతులెత్తి మొక్కాలి.

మన పెద్దలదీ ఇదే విద్య. తాటాకు మీద ఇనుప గంటంతో గీసేవారు, దానికీ సిరా లేదు, గీశాక మసి పూస్తేనే అక్షరం తేలేది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆ తాళపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అంటే గంటంతో మొదలుపెట్టి మళ్ళీ గంటం దగ్గరికే వచ్చాం. మధ్యలో కాగితం అనే చిన్న పొరపాటు జరిగింది, అంతే.

ఆ పొరపాటుకు నేనూ బాధ్యుణ్ణే. కొత్త నోట్‌బుక్కులో మొదటి నాలుగు పేజీలు ముత్యాల్లా రాసి, అయిదో పేజీ నుంచి కోడిగెలుకుడు, ఇరవయ్యో పేజీ నుంచి చాకలి పద్దు. నూట ఎనభై పేజీలు అలాగే పాత పేపర్లవాడి తక్కెట్లోకి పోయేవి. ఇప్పుడా అపచారం లేదు. ట్యాబ్లెట్లో అరవై మూడు నోట్‌బుక్కులు తెరిచాను. ఒక్కోదాంట్లో రెండే పేజీలు, అన్నీ ముత్యాలే.

శాశ్వతత్వం గురించి కూడా ఒక మాట. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడంటారు. తాళ్ళపాకవారు వాటిని రాగిరేకులకు ఎక్కించి కొండ మీద గుళ్ళో పెడితే, వందల ఏళ్ళు చీకట్లో పడి ఉండి కూడా బయటికి తీయగానే చదివించుకున్నాయి. అందులో సగం కూడా దొరకలేదు, అది వేరే బాధ. నా ట్యాబ్లెట్ పదిహేను రోజులు పక్కన పెడితే ముందు ఛార్జింగు అడిగింది, తర్వాత అప్‌డేట్ అడిగింది, ఆ తర్వాత నన్నే పాస్‌వర్డ్ అడిగింది. రాగికి ఇంత వివేకం ఎక్కడిది?

సరస్వతీ పూజ రోజు అమ్మ పుస్తకాలన్నీ పీట మీద పేర్చి, "నీదీ పెట్టు నాయినా" అంది. నాలుగు మూలలా పసుపు పెట్టబోతే తడి వేలు తగిలి పేజీ తిరిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిరిగింది. "అమ్మవారికి ఒప్పుదల లేనట్టుంది" అని పీట మీద నుంచి తీసి పక్కన పెట్టేసింది.

అన్నట్టు, కాగితం ముట్టనని ఒట్టేసుకున్న నేను జనవరికి ముందు టీటీడీ డైరీల కోసం క్యూలో నిలబడ్డాను. హైదరాబాదు చుట్టాలు పదకొండు మంది ఫోన్ చేశారు. అవి నాకోసం కాదు కాబట్టి వ్రతభంగం కిందికి రాదు.

పోయిన సోమవారం బ్యాంకుకు పోయాను. కౌంటర్ దగ్గర దారానికి కట్టిన పెన్ను ఎప్పటిలాగే లేదు, దారం మాత్రం ఉంది. చంద్రగిరి నుంచి వచ్చిన పెద్దాయన నా జేబు వైపు చూసి "పెన్ను ఒకసారి ఇస్తారా సార్" అన్నాడు. పెద్దమనిషి అడిగితే ఎలా కాదంటాం? ఇచ్చాను. ఆయన డబ్బు కట్టే చీటీ మీద తేదీ వేశాడు, పడలేదు. విదిలించాడు. అరచేతిలో గీకాడు. ములికి నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదాడు. తర్వాత జాలిగా నా చేతికిచ్చి, "అయిపోయింది సార్, రీఫిల్ మార్పించండి. గాంధీ రోడ్డులో దొరుకుతాయి" అన్నాడు.

వెనకున్న కాలేజీ పిల్ల బాల్ పెన్ను ఇచ్చింది. ఈసారి చీటీ కింద పెట్టుకోవడానికి ఏమీ లేదు. ఆయన చూపు నా చంక కిందికి వచ్చింది.

"ఆ పరీక్ష అట్ట ఇట్లియ్యండి సార్."

ఇచ్చాను. దాని మీద చీటీ పరిచి, ఒత్తి ఒత్తి, అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, సంతకం రెండు చోట్ల, నింపాదిగా రాశాడు. అయ్యాక అట్టను నిమిరి చూసి నాకు తిరిగిచ్చాడు.

"బాగుంది సార్. క్లిప్పు ఒకటి పెట్టిస్తే ఇంకేం అక్కర్లేదు."