తిరిగి వెళ్తావని నమ్మకం ఏమిటి?

"మీ పర్యటన ముగిశాక మీరు మా దేశం విడిచి వెళ్తారని మాకు నమ్మకం కలగలేదు." బ్రిటన్ విజిటర్ వీసా ఇవ్వనప్పుడు పంపే ఉత్తరాల్లో కాస్త అటూ ఇటూగా కనిపించే వాక్యం ఇది. ఎంత మర్యాదగా ఉందో గమనించండి. దొంగ అనలేదు, అబద్ధాలకోరు అనలేదు. నమ్మకం కలగలేదు, అంతే. పెళ్లిచూపులకొచ్చి సొజ్జా బజ్జీ తిని "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అనేవాళ్లది కూడా ఇదే మర్యాద. కాకపోతే వాళ్లు చూసినందుకు ఫీజు పుచ్చుకోరు.

ఈ వాక్యం మీద నాకు చాలాకాలంగా ఒళ్లుమంట ఉంది. ముఖ్యంగా అది నైజీరియా వాళ్లకు వెళ్లినప్పుడు.

నైజీరియాలో ఎడో రాష్ట్రానికి రాజధాని బెనిన్ సిటీ. పక్కనే బెనిన్ అని ఇంకో దేశం ఉంది, అది వేరు, ఇది వేరు. ఆ ఊళ్లో ఇగున్ వీధి అని ఒకటుంది. ఇత్తడి, కంచు పోతపోసే కుటుంబాలు వందల ఏళ్లుగా అక్కడే ఉంటున్నాయి. మైనంతో బొమ్మ చేస్తారు, మట్టి పూస్తారు, కాలుస్తారు, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఒకప్పుడు వాళ్ల పనంతా రాజుగారికే, అంటే ఓబాకే. ఇప్పుడు ఎవరడిగినా చేసిపెడతారు. బతకాలి కదా. ఆ వీధిలో ఒక పోతపనివాడికి తన తాతముత్తాతలు చేసిన పలకలు కళ్లారా చూడాలని కోరిక పుట్టిందనుకుందాం. అవి చాలావరకు ఊళ్లో లేవు. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం వచ్చి వేలాదిగా ఎత్తుకెళ్లింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఒక్కదాంట్లోనే బెనిన్ రాజ్యపు వస్తువులు 900 పైచిలుకు ఉన్నాయి.

మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఇంత ఉదారంగా ఎవరుంటారండీ?

ఆ ఉచితం దాకా చేరడానికి మాత్రం కాస్త ఖర్చవుతుంది. విజిటర్ వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది. నైజీరియా డబ్బు నైరా. 2023 జూన్‌లో దాని మారకపు రేటును మార్కెట్‌కు వదిలేశాక అది జారి జారి, 2025కి పౌండు సుమారు రెండు వేల నైరాల దగ్గర తేలింది. నైజీరియాలో చట్టప్రకారం కనీస వేతనం నెలకు 70,000 నైరాలు. అంటే అడగడానికే మూడున్నర నెలల జీతం. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు.

ఆ తర్వాత కాగితాలు. మామూలుగా ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాలి. పోతపనివాడికి డబ్బు చేతికి వస్తుంది, చేతిలోంచి పోతుంది, బ్యాంకు మొహం అది ఎప్పుడు చూస్తుంది? పోనీ బంధువులు తలా కాస్త వేసి అకౌంట్ నింపితే "ఈ మొత్తం ఒక్కసారిగా ఎక్కడిది?" అని అడుగుతారు. నింపకపోతే "ఇంత తక్కువతో ఎలా వస్తారు?" అని అడుగుతారు. సెలవు ఇచ్చినట్టు యజమాని లెటర్ కావాలి. ఆ కులవృత్తికి యజమాని ఓబా. ఆయన పాత రికార్డులూ, నగలూ, తాతగారి బొమ్మలూ చాలా దరఖాస్తు చూసే దేశం దగ్గరే ఉన్నాయి. స్వదేశంతో బంధాలున్నట్టు రుజువులు కూడా పెట్టాలి. ఒకే వీధిలో తరతరాలుగా కొలిమి ఊదుతున్న కుటుంబం బంధానికి రుజువుగా ఏం పెడుతుంది, కరెంటు బిల్లా?

మనవాళ్లకు ఇదంతా విడమరచి చెప్పక్కర్లేదు. అకౌంట్లో నాలుగు రోజులు డబ్బు నిలబెట్టి వడ్డీ పుచ్చుకునే పుణ్యాత్ములు మనకూ ఉన్నారు. స్టాంపు పడగానే చిలుకూరు వెళ్లి 108 ప్రదక్షిణలు చేసేవాళ్లం మనం. నైజీరియాలోని లాగోస్‌లో పాస్‌పోర్టులు పైకెత్తి పట్టుకుని పాస్టర్ చేత ప్రార్థన చేయిస్తారు. దేవుళ్లు వేరైనా డిపార్ట్‌మెంట్ ఒకటే. అన్నట్టు, అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని చూడాలన్నా ఇదే క్యూ. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన సున్నపురాతి శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ పోయాయి, ఇప్పుడు అదే మ్యూజియంలో ఉన్నాయి. గుంటూరు నుంచి వెళ్లేవాడు, బెనిన్ నుంచి వెళ్లేవాడు గదులు వెతుక్కుంటూ ఒకరికొకరు ఎదురుపడొచ్చు, ఇద్దరికీ వీసా వస్తే.

యూరప్ సంగతి వేరే చెప్పాలా? అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఆ ఏడాది నైజీరియా నుంచి వెళ్లిన దరఖాస్తుల్లో దాదాపు నూటికి 46 తిరస్కరించారు. యాభై వేల మంది ఫీజు కట్టి "కాదు" అనే మాట కొనుక్కున్నారు. అమెరికా అయితే అడగనివాళ్లకు కూడా చెబుతుంది. 1986లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న వోలే సోయింకాకు 91 ఏళ్ల వయసులో, 2025 అక్టోబరులో, లాగోస్ కాన్సులేట్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన కొత్తగా ఏమీ అడగలేదు, ఉన్న వీసా రద్దు చేశామని వాళ్లే రాశారు. ఆయన దాన్ని విలేకరుల ముందు చదివి, ఎంబసీ పంపిన వింత ప్రేమలేఖ అన్నాడు.

సరే, నిబంధన అన్నాక అందరికీ ఒకటే ఉండాలి. పాతవాళ్లకు కూడా. అందుకని నేను ఈ నిబంధనలను 1897 జనవరి మొదటి వారానికి వర్తింపజేసి చూశాను.

బెనిన్‌కు రేవు ఉఘోటన్. అక్కడ తాటాకు పందిరి కింద ఒక బల్ల, మీద ఒక బోర్డు: బెనిన్ రాజ్య వీసా దరఖాస్తుల కేంద్రం. బల్ల వెనక గుమాస్తా. ఎదురుగా ఆ తీరంలో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న నైజర్ కోస్ట్ ప్రొటెక్టరేట్ తాత్కాలిక కాన్సుల్ జనరల్ జేమ్స్ ఫిలిప్స్, ఆయన తోటి తెల్ల అధికారులు, వెనక రెండొందల మందికి పైగా ఆఫ్రికన్ కూలీలు, నెత్తిన పెట్టెలు.

"టోకెన్ తీసుకున్నారా సార్?"

"నేను మహారాణి ప్రతినిధిని."

"సంతోషం సార్. టోకెన్లు ఆ పక్క ఇస్తారు."

ఫిలిప్స్ వెళ్లి టోకెన్ తెచ్చుకుంటాడు. మధ్యాహ్నానికి పిలుపొస్తుంది.

"ఎందుకు వెళ్తున్నారు?"

"రాజుగారితో వర్తకం గురించి మాట్లాడాలి."

"ఆహ్వాన పత్రం ఉందా సార్?"

"లేదు. ఇప్పుడు రావద్దని కబురొచ్చింది."

"అవును, మా ఫైల్లోనూ ఉంది. రాజుగారు తండ్రిగారి పేరిట క్రతువులో ఉన్నారు, ఒకటి రెండు నెలలాగి రమ్మన్నారు. ఆగితే ఏం పోయింది?"

"నాకు తొందర."

"తొందరైతే ప్రీమియం లాంజ్ ఉంది సార్. సోఫాలుంటాయి, కొబ్బరినీళ్లిస్తారు. నిర్ణయం మాత్రం మారదు. ఫోటో ఏదీ? టోపీతో పనికిరాదు సార్, రెండు చెవులూ కనబడాలి. ఖర్చులకు డబ్బెక్కడిది?"

ఫిలిప్స్ జేబులోంచి ఒక కాగితం తీస్తాడు. 1896 నవంబరులో లండన్‌కు ఆయన రాసిన ఉత్తరం నకలు. రాజును గద్దె దించేందుకు అనుమతి కావాలి, దానికయ్యే ఖర్చుకు సరిపడా ఏనుగు దంతం రాజుగారి ఇంట్లోనే దొరుకుతుందని ఆశిస్తున్నాను అని అందులో ఉంది. (పందిరీ గుమాస్తా నా కల్పన. ఉత్తరం కాదు. నిజంగానే రాశాడు.)

గుమాస్తా రెండుసార్లు చదువుతాడు.

"అంటే మీ స్పాన్సర్ మా రాజుగారేనన్నమాట. అలాగైతే ఆయన సంతకంతో స్పాన్సర్ లెటర్ పెట్టాలి సార్. వెనకున్న వీళ్లంతా ఎవరు? డిపెండెంట్లా? ఒక్కొక్కరికీ వేరే ఫామ్, వేరే ఫీజు. ఆ పెట్టెల్లో ఏమున్నాయి?"

"రివాల్వర్లు."

"విజిటర్ కేటగిరీలో రావు సార్. చివరిగా ఒక్కటి. పని అయ్యాక మీ దేశానికి తిరిగి వెళ్లిపోతారని రుజువేమిటి?"

"ఇంగ్లిషువాడి మాటే రుజువు."

గుమాస్తా పక్కనున్న రిజిస్టర్ తిరగేస్తాడు. "1861లో లాగోస్ వచ్చినవాళ్లు ఇంకా వెళ్లలేదని ఇక్కడ రాసి ఉంది సార్. ఓవర్‌స్టే ముప్పై ఆరేళ్లు. ఈ ట్రావెల్ హిస్టరీతో కష్టం."

సాయంత్రానికి ఉత్తరం తయారు. మీ పర్యటన ముగిశాక మీరు మా రాజ్యం విడిచి వెళ్తారని మాకు నమ్మకం కలగలేదు. అప్పీలుకు అవకాశం లేదు. ఫీజు వాపసు ఇవ్వబడదు. పరిస్థితులు మారితే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. పక్కనే గాజు సీసాలో ఫీడ్‌బ్యాక్ చీటీలు వేసుకోవచ్చు.

అసలు జరిగింది ఏమిటంటే, పందిరి లేకపోయినా తిరస్కరణ మాత్రం ఉంది. ఓబా ఓవోన్‌రామ్వెన్ ఆగమన్నాడు, దారిలో పక్క జాతివాళ్లైన ఇట్సెకిరి పెద్దలు వద్దన్నారు, ఫిలిప్స్ అయినా బయల్దేరాడు. జనవరి 4న బెనిన్ సైనికులు దారికాచి దాడి చేశారు. తెల్లవాళ్లలో ఇద్దరే బతికి బయటపడ్డారు. కూలీల్లో కూడా ఎందరో చనిపోయారు, వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ పెద్దగా కనబడవు. ఆరు వారాలు తిరక్కుండానే బ్రిటిష్ అడ్మిరల్ రాసన్ సుమారు 1,200 మందితో, మాక్సిమ్ మరతుపాకులతో, రాకెట్లతో వచ్చాడు. ఫిబ్రవరి 18న బెనిన్ సిటీ పడిపోయింది. ఆ తుపాకుల కింద ఎంతమంది బెనిన్ జనం పోయారో వచ్చినవాళ్లు లెక్క రాసుకోలేదు. ఎత్తుకెళ్లినవాటికి మాత్రం లెక్కలున్నాయి, కేటలాగులున్నాయి, వేలం రశీదులున్నాయి. ఓబాను కాలబార్‌కు పంపేశారు. 1914లో అక్కడే చనిపోయాడు. తిరిగి వెళ్లే హక్కు ఆయనకు లేదు, తన ఊరికే.

ఇలా వచ్చినవాళ్లు 1960 అక్టోబరు 1 దాకా ఉన్నారు. ఆరు నెలల విజిట్ కాదు. దేశానికి గీతలు గీసి, పేరు పెట్టి, దంతమూ తగరమూ పామాయిలూ పట్టుకుపోయి, చివరికి జెండా దించి వెళ్లి, వాళ్ల మనవలు కౌంటర్ వెనక కూర్చుని ఇగున్ వీధి మనిషిని అడుగుతున్నారు, తిరిగి వెళ్తావా అని. సిగ్గుండాలి. అడగడానికి ఇంకెవరికైనా అర్హత ఉందేమో గానీ వీళ్లకు లేదు. ఆ ప్రశ్న ముందు తమ గాజు బీరువాలను అడగాలి.

వెళ్లి ఉండిపోయినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల కోసం తలుపు తెరిచిందీ బ్రిటనే. నైజీరియా డాక్టర్లను, నర్సులను పనిగట్టుకుని పిలవకూడదని బ్రిటన్ తన ఆరోగ్య శాఖ నియమావళిలో రెడ్ లిస్టు రాసుకుంది, అయినా ఎన్‌హెచ్‌ఎస్ అనే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాళ్లు వేలల్లో ఉన్నారు. నైజీరియాలోని ఇబాదాన్‌లో ప్రభుత్వం చదివించిన డాక్టరు ఉండిపోతే అది సేవ. అదే డాక్టరు వాళ్లమ్మ మనవణ్ణి చూడ్డానికి మూడు వారాలు వస్తానంటే అనుమానం.

ఆ అనుమానం ఎవరి బుర్రలో పుడుతుందనుకున్నారు? కొంతకాలం బుర్ర కూడా అక్కర్లేకపోయింది. 2015 నుంచి 2020 ఆగస్టు దాకా బ్రిటన్ హోం ఆఫీసు వీసా దరఖాస్తులను ఒక కంప్యూటర్ చేత ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడదీయించింది. ఆ రంగు తేల్చేవాటిలో పాస్‌పోర్టు మీది దేశం పేరు ఒకటి. అనుమానించాల్సిన దేశాలకు ఓ జాబితా కూడా ఉండేది, ఏ దేశాలో చెప్పలేదు. రెండు సంస్థలు కోర్టుకు వెళ్లాక దాన్ని ఆపేశారు. ఆ జాబితాలో నైజీరియా ఉందని నేను అనను. రహస్యం కదా.

వస్తువుల విషయంలో మాత్రం ఇంత దాపరికం లేదు, సూటిగా చట్టమే ఉంది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం ట్రస్టీలు తమ దగ్గరున్నవాటిని, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, వదులుకోవడానికి లేదు. బెనిన్ రాణి ఇడియా ముఖం చెక్కిన దంతపు ముసుగు, 16వ శతాబ్దిది, అక్కడే ఉంది. 1977లో లాగోస్‌లో నల్లజాతి కళల ఉత్సవం ఫెస్టాక్ జరిగినప్పుడు దానికి చిహ్నం ఆ ముసుగే. ఉత్సవానికి కొన్నాళ్లు పంపండని నైజీరియా అడిగింది. పంపలేదు. పాతబడి సున్నితంగా ఉంది, ప్రయాణం తట్టుకోలేదన్నారు. నాలుగు వందల ఏళ్ల రాణికి మెడికల్ గ్రౌండ్స్ మీద వీసా రాలేదు. ఉత్సవం నకలుతో కానిచ్చారు.

ఇప్పుడు కాస్త దయ కలిగింది లెండి. జర్మనీ 2022లో తన దగ్గరి బెనిన్ కంచు బొమ్మల హక్కులు నైజీరియాకు రాసిచ్చి కొన్ని స్వయంగా తెచ్చి ఇచ్చింది, 2025లో నెదర్లాండ్స్ 119 వస్తువులు ఇచ్చింది. బ్రిటన్ జాతీయ మ్యూజియాలది వేరే పద్ధతి. ఆఫ్రికాలోనే ఇంకో దేశం ఘనాలో చూడండి. 1874లో బ్రిటన్‌తో జరిగిన యుద్ధంలోనూ ఆ తర్వాతా అసాంటే రాజుల కోటనుంచి పోయిన బంగారంలో కొంత 2024లో లండన్ నుంచి ఆ రాజుల ఊరు కుమాసీకి వెళ్లింది. ఇచ్చేయలేదు, మూడేళ్లకు అరువిచ్చారు. కావాలంటే ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చట. అంటే రాజుగారి నగలు రాజుగారి ఊళ్లో విజిటర్ వీసా మీద ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ సౌకర్యంతో. గడువు కాగానే లండన్ తిరిగి వెళ్లాలి. ఒకవేళ అవి వెళ్లనంటే పుట్టింట్లో ఓవర్‌స్టే కింద ఏ సెక్షన్ పెడతారో, ఎన్నేళ్ల బ్యాన్ వేస్తారో, అప్పీలు ఫీజు ఎంతో కనుక్కోవాలి.