వారం ముందు చెప్పి వెళితే అది తనిఖీ ఎలా అవుతుంది?

నిన్న న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర మాటల్లో మాటగా నెవార్క్‌లో వలసదారులను నిర్బంధించే డెలానీ హాల్ సంగతి వచ్చింది. అది ఐస్ అనే అమెరికా వలస నియంత్రణ సంస్థ కేంద్రం. ఒక పెద్దాయన పులిహోర కలుపుకుంటూ, "ఐస్ నిర్బంధ కేంద్రాల్లో ఈ కాంగ్రెస్ సభ్యులకు ఏం పని? పోనీ, వెళ్ళాలనుకుంటే వారం ముందు చెప్పి వెళితే వాళ్ళ సొమ్మేం పోయింది?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. వయసులో పెద్దవారు, పైగా పూజ జరిగిన ఇల్లు. అక్కడ నోరు మెదపలేదు. కడుపు రగిలిపోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అయ్యా, అసలు గొడవంతా ఆ వారం గురించే కదా! తనిఖీకి రావాలంటే కాంగ్రెస్ సభ్యులైనా ఏడు రోజుల ముందు చెప్పాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మన ఊళ్ళో సంక్షేమ హాస్టల్‌కు రేపు కలెక్టరు వస్తున్నారని తెలిస్తే ఏం జరుగుతుందో మీకు తెలియదా? తెల్లారేసరికి మరుగుదొడ్ల చుట్టూ బ్లీచింగ్ పౌడరు. నీళ్ళ పప్పు కాస్తా చిక్కబడుతుంది. నెల రోజులుగా జాడలేని కోడిగుడ్డు ప్రతి పిల్లవాడి కంచంలోకీ వస్తుంది. ఒక్క రోజు గడువుకే ఇంత సర్దుబాటు జరిగితే ఏడు రోజుల గడువుకు ఏం మిగులుతుంది చూడటానికి?

పైగా ఇది ఎవరో దయతలచి ఇచ్చే అనుమతి కాదు, చట్టంలో రాసి ఉన్న హక్కు. 2018లో సరిహద్దు దగ్గర పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీస్తున్న రోజుల్లో సెనేటర్ జెఫ్ మెర్క్లీ టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ వెళ్ళారు. ఒకప్పుడు వాల్‌మార్ట్ దుకాణంగా ఉన్న భవనంలో పిల్లలను ఉంచారు. ఆయనను లోపలికి రానివ్వలేదు. అలాంటివి చూశాకే, ఐస్‌ను నడిపే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. ఇప్పుడు అందరూ 527వ సెక్షన్ అంటున్నది అదే. వలసదారులను ఉంచే కేంద్రానికి తనిఖీకి వచ్చిన కాంగ్రెస్ సభ్యులను ఆపడానికి ఆ బడ్జెట్ నిధులు వాడకూడదు. సభ్యులు ముందుగా కబురు పెట్టనక్కరలేదు. వాళ్ళ సిబ్బంది వస్తే మాత్రం 24 గంటల ముందు చెప్పమని అడగవచ్చు. ఇందులో అర్థం కానిది ఏముంది?

2025 మే 9న డెలానీ హాల్ గేటు దగ్గర ఏం జరిగిందో మరిచిపోయారా? తనిఖీకి ముగ్గురు సభ్యులు వెళ్ళారు. వారిలో బోనీ వాట్సన్ కోల్‌మన్‌కు అప్పటికే 80 ఏళ్ళు. ప్రిన్స్‌టన్, ప్లెయిన్స్‌బరోలలో ఉండే మనవాళ్ళకు ఆవిడే ప్రతినిధి. గేటు దగ్గర అధికారులతో జరిగిన తోపులాటలో ఆవిడ కూడా ఉన్నారు. నెవార్క్ మేయర్ రాస్ బరాకాను గేటు బయట అరెస్టు చేసి, రోజుల్లోనే కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ ముగ్గురు సభ్యుల్లో ఒకరైన లమోనికా మెకైవర్ మీద మాత్రం అధికారులపై దాడి చేశారని అభియోగాలు మోపారు. చట్టం ఇచ్చిన హక్కుతో తనిఖీకి వెళ్ళిన మనిషి నిందితురాలైంది.

ఆ మరుసటి నెలలోనే నలుగురు నిర్బంధితులు అక్కడి గోడ పగలగొట్టుకుని పారిపోయారు. సెనేటర్ ఆండీ కిమ్ వెళ్ళి చూసి, అది లోపల జాలీ ఉన్న ఉత్త డ్రైవాల్ (జిప్సం పలకల) గోడ అని చెప్పారు. ఆ కేంద్రం నడపడానికి జియో గ్రూపు అనే ప్రైవేటు జైళ్ళ కంపెనీకి 15 ఏళ్ళ కాంట్రాక్టు, సుమారు 100 కోట్ల డాలర్లు. నా పన్ను, మీ పన్ను కూడా అందులో ఉన్నాయి. ఆ గోడ ఎలాంటిదో కళ్ళారా చూసి చెప్పే మనిషి వద్దా మనకు?

మాన్‌హటన్‌లో ఐస్ మనుషులను ఉంచిన ప్రభుత్వ భవనం 26 ఫెడరల్ ప్లాజా సంగతి మరీ దారుణం. 2025 జూన్‌లో కాంగ్రెస్ సభ్యులు జెర్రీ నాడ్లర్, డాన్ గోల్డ్‌మన్ పదో అంతస్తు చూపించమంటే, అది నిర్బంధ కేంద్రం కాదు, కార్యాలయం అని పంపించేశారు. కొన్ని వారాలకే లోపలి వీడియో బయటికి వచ్చింది. మనుషులు రేకు దుప్పట్లు కప్పుకుని నేల మీద పడి ఉన్నారు. పరుపులు ఇవ్వండి, సబ్బు ఇవ్వండి, మనిషికి ఇంత చోటు ఇవ్వండి అని ఆగస్టులో న్యాయమూర్తి ఆదేశించాల్సి వచ్చింది. జూన్‌లోనే తలుపు తీసి ఉంటే రెండు నెలలు ఆ నేల మీద పడుకునే అవస్థ ఎందరికో తప్పేది కాదా?

ఇక ఆ ఏడు రోజుల నిబంధన. 2025 డిసెంబరులో న్యాయమూర్తి జియా కాబ్ దాన్ని నిలిపివేశారు. 2026 జనవరిలో అప్పటి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోయెమ్ వేరే చట్టం కింద వచ్చిన డబ్బు వాడుతున్నామంటూ అదే నిబంధన మళ్ళీ తెచ్చారు. ఫిబ్రవరిలో కోర్టు మళ్ళీ అడ్డుకుంది. 2025లో ఐస్ నిర్బంధంలో 30 మందికి పైగా చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోతున్న చోట తలుపు మూసి ఉంచడానికి ఇంత పట్టుదల దేనికి?

లోపలున్నవాళ్ళు "తప్పు చేసినవాళ్ళు" అని కూడా అన్నారు ఆ పెద్దాయన. 2019 జనవరి గుర్తుందా? ఐస్ అధికారులే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో నకిలీ విశ్వవిద్యాలయం తెరిచి, ఫీజులు కట్టించుకుని, 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. రాయబార కార్యాలయం రాత్రింబవళ్ళు పనిచేసే హెల్ప్‌లైన్ పెట్టింది, వాళ్ళను కలవనివ్వండని అడిగింది. అప్పుడు మనలో ఎవరూ "తప్పు చేసినవాళ్ళు" అనలేదు. లోపల పిల్లలు ఎలా ఉన్నారో ఎవరైనా వెళ్ళి చూస్తే బాగుండునని ఇంటింటా తల్లడిల్లిపోయాం. ఈ రోజు లోపల ఉన్నది హైతీ తల్లి కొడుకో, ఈక్వెడార్ తల్లి కొడుకో అయితే ఆ తల్లికి ఆ దిగులు ఉండదా?

మన తెలుగు సంఘాల మీద కూడా నాకు ఎప్పటినుంచో కోపం ఉంది. ఫార్మింగ్టన్ సమయంలో లాయర్లను చూసిపెట్టారు, కాదనను. తర్వాత? మహాసభ జరిగిన ప్రతిసారీ కాంగ్రెస్ సభ్యులను వేదికెక్కించి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, వరసకట్టి ఫోటోలు దిగుతారు. వీసా గురించి ఒక మాట అడుగుతారు, గ్రీన్ కార్డు వరుస గురించి ఒక మాట అడుగుతారు. నిర్బంధ కేంద్రాల ఊసెత్తిన కార్యవర్గాన్ని నేనింతవరకు చూడలేదు.

ఈసారి వేదిక మీదే, మైకులోనే అడగండి. డెలానీ హాల్‌కు చెప్పకుండా చివరిసారి ఎప్పుడు వెళ్ళారు? ఎన్ని గదులు చూడనిచ్చారు? ఎవరితో మాట్లాడనిచ్చారు? జవాబు వచ్చాక శాలువా కప్పండి.