మన పిల్లల్లో ఒక్కరైనా రిక్రియేషనల్ థెరపిస్ట్ అవ్వకూడదా?

అమెరికాలో మనవాళ్ల పేరెంట్స్ చాలామంది ఇక్కడే ఉండిపోయారు, 70లు 80లలోకి వచ్చేశారు, కొందరికి డిమెన్షియా కూడా మొదలైంది. ఇంట్లో గుట్టుగా నెట్టుకొచ్చినంత కాలం నెట్టుకొచ్చి, ఇక మనవల్ల కాదన్నప్పుడు అడల్ట్ డే కేర్‌కో మెమరీ కేర్‌కో (డిమెన్షియా ఉన్నవాళ్లని ఉంచుకుని చూసుకునే సెంటర్) పంపిస్తాం. చేర్చేటప్పుడు మందులెవరు వేస్తారు, వెజిటేరియన్ పెడతారా అని అడుగుతాం గానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్లచేత ఏం చేయిస్తారు అని ఎంతమందిమి అడిగాం చెప్పండి?

ఆటలూ పాటలూ చేతిపనులతో థెరపీ చేస్తూ ఆ పని చూసేవాళ్లే రిక్రియేషనల్ థెరపిస్టులు. దానికి ఇక్కడ ఏకంగా ఒక చదువే ఉంది. డిగ్రీ చెయ్యాలి, కనీసం 14 వారాలు, 560 గంటలకి తగ్గకుండా ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, పరీక్ష పాసవ్వాలి, అప్పుడు సీటీఆర్ఎస్ (సర్టిఫైడ్ థెరప్యూటిక్ రిక్రియేషన్ స్పెషలిస్ట్) అనే సర్టిఫికెట్ ఇస్తారు, దాన్నీ ఐదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. "ఆటలాడించడానికి డిగ్రీ ఎందుకండీ" అంటారు మనవాళ్లు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ మనిషి చూపెలా ఉంది, చేతులెంత ఆడుతున్నాయి, ఎంతసేపు కూర్చోగలరు, ఏ టైంకి చిరాకు పడతారు, జీవితమంతా ఏం పని చేశారు, ఇవన్నీ కనుక్కుని, దానికి తగ్గట్టు ఏదో ఒకటి చేయించి, ఏమైందో రాసుకుని, కుదరకపోతే మార్చడం, అదీ థెరపీ అంటే. నిన్నటి సంగతి గుర్తులేని మనిషికి కూడా చేతికి అలవాటైన పని చాలాకాలం నిలిచే ఉంటుంది. పొద్దువాలగానే "ఇంటికెళ్తా" అని తలుపు దగ్గర నిలబడే పెద్దాయనకి వెంటనే మాత్ర వెయ్యకుండా, ముందు ఆకలా నొప్పా భయమా అని చూసి, చేతికో పని ఇవ్వడం ట్రైనింగ్ ఉన్నవాళ్లకి తెలుస్తుంది. "నేనెవరో చెప్పు చూద్దాం" అని క్విజ్ పెట్టకూడదని కూడా (మనం వీడియో కాల్‌లో రోజూ చేసేది అదే).

ఇంకో సంగతి. నర్సింగ్ హోమ్‌లో యాక్టివిటీస్ నడిపేవాళ్లకి అర్హత ఉండాలని ఫెడరల్ రూల్ ఉంది, కానీ సీటీఆర్ఎసే కానక్కర్లేదు, స్టేట్ ఒప్పుకున్న ట్రైనింగ్ కోర్సు పూర్తి చేసినా చాలు. కాబట్టి చేర్చేముందు మీ దగ్గర సీటీఆర్ఎస్ ఉన్నారా, వారానికి ఎన్ని గంటలుంటారు అని అడగండి, మొహమాటపడకండి.

సరే, ఉన్నారే అనుకుందాం, తెలుగు రాదు కదా. తర్వాత నేర్చుకున్న ఇంగ్లీష్ జారిపోయి చిన్నప్పటి భాష మిగలడం డిమెన్షియాలో చాలామందిలో చూస్తాం. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన ముందు క్రేయాన్స్ పెడితే అవమానంగా ఉండదా? ఆయన్ని పదమూడో ఎక్కం అడిగి చూడండి. వంటింట్లో జీవితమంతా గడిపిన ఆవిడ ముందు గిన్నెడు చిక్కుడుకాయలు పెడితే చేతులే ఈనెలు తీస్తాయి, వత్తులు చేస్తారు, పూలు కడతారు. అలాగని భాష వస్తే చాలనుకోకండి, వామనగుంటలు ఆడిద్దామని చింతగింజలు ముందు పోస్తాం, ఆవిడ నోట్లో వేసుకుని పొలమారితే? ఏ దశలో ఉన్నవాళ్లకి ఏది ఇవ్వచ్చో చదువుకున్నవాళ్లే చెప్పాలి. అందుకే ఆ చదువూ తెలుగూ రెండూ ఒకే మనిషిలో కావాలంటున్నా.

మన పిల్లలేమో కంప్యూటర్ సైన్స్, లేకపోతే ప్రీమెడ్. ఇందులో సాఫ్ట్‌వేర్ జీతం రాదు, నిజమే, ఆ సంగతి దాచి పిల్లల్ని ఒప్పించక్కర్లేదు. కానీ మన తెలుగు సంఘం సినిమావాళ్లని పిలిచి చేసే స్టార్ నైట్‌కి పెట్టే ఖర్చులో కొంత తీసి ఏటా ఒకరిద్దరికి ఈ కోర్సుకి స్కాలర్‌షిప్ ఇవ్వలేమా? హైస్కూల్ పిల్లలకి వాలంటీర్ అవర్స్ కావాలి కదా, మెమరీ కేర్‌లో మనవాళ్ల దగ్గరికి పంపితే వాళ్లలో ఎవరికో ఒకరికి ఇష్టం పుట్టచ్చు. ఈలోగా ప్రతి ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఒక పేజీ రాసి సెంటర్‌కి ఇవ్వండి, ఏ ఊరు, ఏం పని, ఏం పాడేవారు, దేనికి కోపమొస్తుంది, ఇంట్లో ఏమని పిలుస్తారు, ఇంగ్లీష్‌లోనే రాయండి, చదవాల్సింది అక్కడి స్టాఫ్.

స్కాలర్‌షిప్ తీర్మానం సంఘం వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో నేనే పెడుతున్నా. డబ్బులెక్కడివి అనేవాళ్లు పోయిన కన్వెన్షన్ లెక్కలు కూడా పట్టుకురండి.