బ్రూక్స్ గారి మీద ఒక ఫిర్యాదు

ఫ్రెడరిక్ బ్రూక్స్ గారు 2022 నవంబరులో కాలం చేశారు కాబట్టి నోటీసు పంపినా అందుకునేవారు లేరు. అయినా మా డెలివరీ మేనేజర్ల జాతికి ఆయన చేసిన ద్రోహం రికార్డుకెక్కాల్సిందే.

ఐబీఎంలో ఓఎస్/360 అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన పెద్దమనిషి. అది ఆలస్యమైంది, అనుకున్నదానికంటే ఎక్కువ మెమరీ మింగింది, ఖర్చు అంచనాకు కొన్ని రెట్లయింది. లౌక్యం తెలిసినవాడైతే నెపం టెస్టింగ్ టీమ్ మీదకు నెట్టి ప్రమోషన్ తీసుకునేవాడు. ఈయన తప్పులన్నీ ఒప్పుకుని 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అని ఏకంగా పుస్తకమే వేశారు. ఇదేం వృత్తిధర్మం?

ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందట. ఎంతమంది ఆడవాళ్లను పెట్టినా బిడ్డకు తొమ్మిది నెలలు పట్టాల్సిందేనట. అయ్యా, ఒక మనిషి ఒక నెలలో చేసే పని అనే ఈ 'మనిషి-నెల' లెక్క మీకు భ్రమ కావచ్చు, మాకది ఇన్‌వాయిస్‌లో గడి. తొమ్మిదిమందిని పెడితే బిడ్డ పుట్టకపోయినా బిల్లు పుడుతుంది. నెలనెలా.

మొన్నామధ్య మా ప్రాజెక్టు రెండు నెలలు వెనకబడింది. ఆరుగురు ఉండేవాళ్లు, పద్దెనిమిది చేశాను. బ్రూక్స్ గారి లెక్కన ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జంటలు 15 నుంచి 153 అయ్యాయి. రోజూ నిలబడే ముగించే పావుగంట స్టాండప్ మీటింగ్ గంటంపావుకి సాగితే కుర్చీలు తెప్పించాను. కోడ్ మొత్తం తెలిసిన ఒక్కగానొక్క అమ్మాయి వచ్చి నిలబడింది.

"సార్, కొత్తవాళ్లకి చెప్పడంతోనే సాయంత్రమైపోతోంది. నేను కోడ్ ఎప్పుడు రాయాలి?"

"రాత్రి రాయమ్మా," అన్నాను. మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా.

ఇంకో విడ్డూరం. మొత్తం గడువులో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతే కోడింగ్‌కు, మిగిలిన సగం టెస్టింగ్‌కు ఇవ్వాలట! మా దగ్గర టెస్టింగ్ క్లయింటే చేసిపెడతాడు. పైసా తీసుకోడు, పైగా రాత్రి రెండింటికి కూడా ఫోన్ చేసి మరీ రిజల్ట్ చెబుతాడు.

ఆ అమ్మాయి పోయినవారం పేపర్లు పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ నా టేబుల్ మీద ఈ పుస్తకమే పెట్టి పోయింది. మంచి పిల్ల. ప్లాస్టిక్ కవర్ తీయకుండా వెనక షెల్ఫులో నిలబెట్టాను, వీడియో కాల్‌లో నిండుగా కనబడుతుంది. ఆమె ఖాళీలోకి నలుగురు కావాలని హెచ్చార్‌కి మెయిల్ పెట్టాను.