మహారాజశ్రీ 472 గుర్రాల వారికి

మహారాజశ్రీ లెక్సస్ ఐఎస్ 500 ఎఫ్ స్పోర్ట్ పెర్ఫార్మెన్స్ కారు వారి దివ్య సముఖమునకు, ఒడిశా రాష్ట్రం గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక బొలెరో డ్రైవరు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. రోడ్ల సంగతి అడక్కండి. అక్కడ తమరు, తమరి అయిదు లీటర్ల వి8 ఇంజను, వెనకాల జంటలుగా ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు సైలెన్సరు గొట్టాలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తమరిని నేను కళ్ళారా చూడలేదు. చూసే యోగమూ లేదు. తమరి కంపెనీ 2017లో మన దేశంలో దుకాణం తెరిచినప్పుడు ఇంట్లో నెమ్మదస్తుల్ని మాత్రమే పంపింది. ఈఎస్ 300హెచ్ వచ్చింది, 2020లో బెంగళూరు దగ్గర బిడదిలోనే దాన్ని బిగించడం మొదలెట్టారు కూడా. తమరిని మాత్రం గడప దాటనివ్వలేదు. అయినా మా ఊళ్ళో తమరు లేని చోటంటూ లేదు. టీ బడ్డీ దగ్గర తమరే, సెలూన్లో తమరే, మా మేనల్లుడి ఫోన్లో రాత్రి రెండింటికి కూడా తమరే. వాడికి సొంత జాతకం తెలీదు, తమరిది కంఠతా వచ్చు. 7,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర 472 హార్స్‌పవరు, 4,800 దగ్గర 535 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), ఎనిమిది గేర్లు, వెనక చక్రాలకే లాగుడు, సున్నా నుంచి అరవై మైళ్ళకి 4.4 సెకండ్లు. పొద్దున్నే దండకంలా చదువుతాడు. వాడు నడిపేది వాళ్ళ నాన్న వదిలేసిన పాత స్ప్లెండరు.

మొన్న నా బండి బానెట్ మీద చెయ్యేసి అడిగాడు.

"మావా, నీ బొలెరోకి ఎన్ని గుర్రాలేటి?"

"డెబ్బై అయిదురా."

"డెబ్బై అయిదేటి మావా! ఐఎస్ ఐదొందలకి నాలుగొందల డెబ్బై రెండు!"

"సరే, నీ స్ప్లెండరుకో?"

దానికి సిగ్నల్ అందలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తమరి 4.4 సెకండ్ల మీద నాకు ఎంత మాత్రం అనుమానం లేదు. జపాన్ వాళ్ళు రాశారంటే అది శిలాశాసనం. నా బాధల్లా అంత వేగం మా వీధిలో ఎక్కడ దించుతారన్నదే. కాయితం మీద లెక్క కట్టాను. వేగం ఒకే తీరున పెరిగిందనుకుంటే ఆ 4.4 సెకండ్లలో తమరు 59 మీటర్లు పోతారు, చివరికి గంటకి 97 కిలోమీటర్ల మీద ఉంటారు. నిజానికి అలాంటి బండి మొదట్లోనే గట్టిగా దూకుతుంది కాబట్టి దూరం ఇంకాస్త పెరుగుతుంది. సరే, అరవై మీటర్లే అనుకుందాం. మా షెడ్డు గేటు నుంచి మూల మీద కిరాణా కొట్టు దాకా సరిగ్గా అంతే ఉంటుంది. ఆ అరవై మీటర్లలో ఏముంటాయో మనవి చేస్తాను, తమరి ఇంజనీర్లకి పనికొస్తుంది.

గేటు దాటగానే ఎడమ పక్క ఒకాయన చోళ్ళు ఆరబోసి ఉంటాడు. రోడ్డు ఆయనది కాదు గానీ ఎండ ఆయనదే, అందుకని సగం రోడ్డు వదలాలి. ఆ మిగిలిన సగంలో ఒక గేదె నిలబడి ఉంటుంది. పడుకున్న గేదెకి హారన్ కొడితే లేస్తుంది, నిలబడ్డ గేదె మన మొహం చూస్తుంది, అంతే. దాన్ని దాటాక స్పీడు బ్రేకరు. ఇది ప్రభుత్వం వేసింది కాదు. మూడో ఇంటి వాళ్ళు మేడ మీద గది కట్టుకున్నప్పుడు కాస్త సిమెంటు మిగిలిందట, పారేయడం ఎందుకని రోడ్డుకి అడ్డంగా పోసేశారు. దానికి ఒక ఒంపూ కొలతా ఉండవు. గోడ పడుకున్నట్టు ఉంటుంది. బొలెరో నేల నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తు, అదే ఒక్కోసారి కింద తగిలించుకుని గొణుక్కుంటుంది. ఆ తర్వాత గుప్‌చుప్ బండి, అదే పానీపూరీ. సాయంత్రం అయిదయితే పిల్లలు దాని చుట్టూ నాలుగు వరసలు. వాళ్ళని ఒత్తిగించుకుంటూ దాటితే కొట్టు వస్తుంది. మొత్తం సున్నా నుంచి సున్నాకి నాకు రెండు నిమిషాలు పడుతుంది. ఈ అంకె తమరి స్పెసిఫికేషన్లలో ఎక్కడా కనపడలేదు.

టైర్ల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. తమరి వెనక టైరు 265/35 ఆర్19. మేనల్లుడు దీన్ని మంత్రంలా చెబుతాడు గానీ అందులో ఏముందో వాడికి నేనే చెప్పాల్సి వచ్చింది. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 అంటే ఆ వెడల్పులో నూటికి ముప్ఫై అయిదు వంతులు పక్క గోడ ఎత్తు. అంటే 93 మిల్లీమీటర్లు, నాలుగు అంగుళాలకి తక్కువ. తమరి పందొమ్మిది అంగుళాల అల్లాయ్ చక్రానికీ ఈ లోకానికీ మధ్య ఉన్న రబ్బరు అంతే. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టు కుదరాలంటే అలాగే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ వానాకాలం వెళ్ళాక మా దగ్గర గోతులు ఎంత లోతుంటాయో ఎవరూ కొలవరు, ఎందుకంటే వాటిలో నీళ్ళుంటాయి. నా టైరు 215/75 ఆర్15. పక్క గోడ 161 మిల్లీమీటర్లు. చూడ్డానికి బాగుండదు. దాని మీద నాకు నాలుగు కుటుంబాల తిండి గడుస్తోంది, నాది, ఇద్దరు అక్కలది, బండికి లోనిచ్చిన ఫైనాన్సు వాడిది.

మా ఘాట్ రోడ్డు ఎప్పుడైనా చూశారా? పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి మీదుగా మోహన వైపు, ఆ పైన చంద్రగిరి టిబెటన్ల కాలనీకి, జిరంగ బౌద్ధ మఠానికి సవారీలు తోలతాను. మహేంద్రగిరి పక్కనే 1,501 మీటర్లు లేచి నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ ఎక్కుడు మీద, హెయిర్‌పిన్ మలుపులో, ఎదురుగా కర్ర లోడు లారీ దిగుతుంటే, బండిని ఆపి మళ్ళీ ఎత్తాలి. సీట్లు ఏడు. ఎక్కిన వాళ్ళెందరని అడక్కండి, వాళ్ళతో పాటు రెండు మేకలు, ఒక పనసకాయల బస్తా. అక్కడ నా 75 గుర్రాలు చేసే పని ఒకటే, ఉన్న 210 న్యూటన్ మీటర్లనీ 1,600 ఆర్‌పీఎం దగ్గరే దాచుకోకుండా ఇచ్చేస్తాయి. తమరి పూర్తి బలం చూడాలంటే 4,800 దాకా ఎక్కాలి, గుర్రాలన్నీ కనపడాలంటే 7,100. ఆ మలుపులో అంత ఎక్కితే మీరు మోహన చేరరు, లోయలో జీడితోట చేరతారు. అన్యాయంగా మాట్లాడను, ఆ 1,600 దగ్గర కూడా తమరి అయిదు లీటర్ల ఇంజను లాగుడు నా దానికన్నా ఎక్కువే ఉంటుంది. కానీ నా బండి ఉన్నదంతా ఇచ్చేసింది. తమరు మిగతాది ఏ రోడ్డు కోసమో అట్టిపెట్టుకున్నారు.

పెట్రోలు బంకు ముచ్చట కూడా వినండి. ఆంధ్రాలో లీటరు ధర ఎక్కువ, ఒడిశాలో తక్కువ. అందుకని పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్ళు సరిహద్దు దాటి వచ్చి ట్యాంకు నింపుకుపోతారు. మా ప్రాంతంలో ఏపీ 39 నంబరు బండీ ఓడీ 20 నంబరు బండీ ఒకే పంపు దగ్గర కొట్లాడుకోకుండా నిలబడేది అక్కడే. 1936లో ఒడిశా రాష్ట్రం కట్టేటప్పుడు మా రాజా వారి జమీందారీని రెండు ముక్కలు చేసి ఒక ముక్క ఇటు కలిపారు. ఆ గీతకి ఇన్నేళ్ళకి దొరికిన ప్రయోజనం ఇదే. ఇక తమరు ఆ గీత దగ్గరికి వచ్చారనుకోండి. 66 లీటర్ల ట్యాంకు, ఊళ్ళో గాలను పెట్రోలుకి పదిహేడు మైళ్ళు, అంటే మన లెక్కలో లీటరుకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు. ఇంజన్లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి తమరికి 95 ఆక్టేన్ పెట్రోలు కావాలి. పంపు కుర్రాడు అద్దం దగ్గరికి వంగి మొదట అడిగే మాట "మైలేజ్ కేతే, భాయినా?" అని. నాలుగొందల డెబ్బై రెండు అని చెప్పకండి. వాడు అది లీటరుకి అనుకుంటాడు.

సరిహద్దు దాటితే మాకు ధర తగ్గుతుంది, తమరికి పెరుగుతుంది. అమెరికాలో మొదటి ధర 56,500 డాలర్లు. ఓడ దిగి మన కస్టమ్స్ వాళ్ళ ముందు నిలబడేసరికి అది రెట్టింపు దాటుతుంది. ఆ సొమ్ముతో మా రోడ్డు వేయించొచ్చు కదా అని మా కిరాణా కొట్టాయన అన్నాడు. రోడ్డు వేయిస్తే మూడో ఇంటి వాళ్ళు మళ్ళీ సిమెంటు పోస్తారు, అది వేరే సంగతి.

ఎగతాళి పక్కన పెడితే, తమరి ఇంజను మీద నాకు గౌరవం ఉంది. స్టీరింగు పట్టి పొట్టపోసుకునే వాడిని కదా. 2007లో డెట్రాయిట్ మోటార్ షోలో తమరి పెద్దాయన ఐఎస్ ఎఫ్‌ని చూపించారు. ఇదే అయిదు లీటర్లు, అప్పుడు 416 గుర్రాలు. దాన్ని తయారు చేయించిన చీఫ్ ఇంజనీరు యుకిహికో యాగుచి. ఇంజను పైభాగం పనిలో యమహా వాళ్ళ చెయ్యి ఉంది. ఆ తర్వాత లోకమంతా చిన్న ఇంజను పెట్టి టర్బోతో గాలి కొట్టించడం మొదలెట్టింది. తమరు 2021లో వచ్చి కూడా టర్బో లేకుండా, సొంత ఊపిరితో ఏడు వేలు దాటి తిరిగే వి8తోనే దిగారు. ఆ సాహసం నాకు నచ్చింది. లాభం లెక్క చూసుకునే వాడెవడూ చేసే పని కాదు. మా రాజా వారు కూడా సొంత ఖర్చుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి నలభై కిలోమీటర్ల చిన్న రైలు వేయించారు. 1900లో అది నడవడం మొదలెట్టింది, పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. బండి నడుస్తుండగా దిగి, చేలో పని చూసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళమని మా తాతలు గొప్పగా చెప్పుకునేవారు. దాని సున్నా నుంచి వంద ఎంతో ఒక్కరూ అడిగినట్టు లేదు.

2025లో ఆఖరి విడతగా లెక్కపెట్టి కొన్ని బళ్ళు మాత్రం చేసి తమరికి పదవీ విరమణ ఇచ్చారని తెలిసింది. మేనల్లుడు ఆ రోజు అన్నం తినలేదు. మా అక్క వాడి నుదురు పట్టుకు చూసి, ఒంట్లో బాలేదేమోనని మిరియాల చారు పెట్టింది.

కాబట్టి తమరు ఇటు రారని తెలుసు. ఒకవేళ ఎవరైనా శ్రీమంతుడు తెప్పించుకుంటే, స్టీరింగు బాధ లేదు. జపాన్‌లోనూ మనలాగే కుడి పక్కే. రథయాత్ర వారం మాత్రం తప్పించి రండి. అప్పుడు రోడ్డు దేవుడిది, తమరికీ నాకూ దారి ఉండదు. మూడో ఇంటి ముందు బండి దిగి, ముందు ఒక మనిషిని నడిపించుకుని రండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఓడీ 20 బొలెరో డ్రైవరు

తా.క.: మేనల్లుడికి పాతపట్నంలో సంబంధం కుదిరేలా ఉంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నాన్నగారు "బాబూ, బండి కొనే ఆలోచన ఏమైనా ఉందా?" అన్నారు. వీడు ఊపిరి తీసుకోకుండా తమరి దండకం ఎత్తుకున్నాడు. అమ్మాయి మొత్తం విని, "వెనక సీట్లో మా అమ్మమ్మ కాళ్ళు చాపుకోగలదా?" అని ఒక్క ప్రశ్న వేసింది. వీడు ఫోన్ తీసి వెతికాడు. వెనక కాళ్ళకి 32.2 అంగుళాలు, డిక్కీ 306 లీటర్లు. ఆ పిల్ల కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న వీడు షెడ్డుకి వచ్చి, ఎవరో అమ్మకానికి పెట్టిన పాత ఓమ్ని ఫొటో చూపించి మొదలెట్టాడు: "మావా, 796 సీసీ, మూడు సిలిండర్లు, ముప్ఫై అయిదు గుర్రాలు, తలుపులు పక్కకి జరుగుతాయి, ఎనిమిది మంది పడతారు మావా, ఎనిమిది!"